చెరుకు ట్రాక్టరూ... నేను మింగిన కప్పా

ముందుగా బీర్కూర్ చెరుకు రైతులకు, సమస్త ట్రాక్టర్ డ్రైవర్లకు, ఇంగ్లిష్ భాషకు నా సాష్టాంగ క్షమాపణలు. కింద జరిగిన వాటికి నా వయసుదే బాధ్యత... నాకేమీ సంబంధం లేదు.

మా చిన్నప్పుడు... ఏడో తరగతిలో ఇంగ్లిష్ సార్ బోర్డు మీద 'టోడీ' అని రాశారు. పూర్వం ఇంగ్లండ్ సంతల్లో నాటు మందులమ్మేవాడు వెంట ఒక మనిషిని తెచ్చుకునేవాడట. ఆ మనిషి అందరి ముందూ 'టోడ్' అనే కప్పను మింగేవాడు... కనీసం మింగినట్టు నటించేవాడు. అది విషమని జనం నమ్మకం. వాడు గిలగిలా కొట్టుకుంటే మందులవాడు తన మందు పోసి బతికించేవాడు. ఇంకేం, మందంతా అమ్ముడుపోయేది! ఆ 'కప్ప తినేవాడే' పోనుపోను టోడీ అయ్యాడు... అంటే పెద్దల మెప్పు కోసం ఏదైనా మింగే భజనపరుడు.

మా బ్యాచ్‌కు పూర్తిగా అర్థమైన ఇంగ్లిష్ పాఠం అదొక్కటే. సాయంత్రానికే ప్రయోగం మొదలుపెట్టాం.

చెరుకు కొట్టే కాలం... లోడు ట్రాక్టర్లు మా గల్లీ మలుపులో నెమ్మదించేవి. నేను ముందు నిలబడి డ్రైవర్‌ను పొగడాలి, సాయిలు, మహేశ్ వెనక నుంచి గడలు గుంజాలి.

"గంగారామన్నా! నీ లెక్క బండి తోలెటోడు జిల్లాలనే లేడే!"

"ఏందిరో, ఇయ్యాల గింత ప్రేమ?"

"కసం అన్నా! నీ హారన్ ఇంటే మా అవ్వ సీరియల్ ఇడిషిపెట్టి బయటికి ఉరికొస్తది!"

గంగారామన్న బండి ఆపి, ఇంజన్ బంద్ చేసి, మీసం దువ్వుకున్నాడు. "ఎక్కు, పక్కకు కూసో."

ఎక్కాను. ఎదురుగా స్టీరింగ్! ఒక్కసారి పట్టుకుంటే చాలు, జన్మ ధన్యం...

"అన్నా, జర ముట్టుకోనా?"

"చెయ్ తియ్! గిది ఆట బొమ్మ గాదు."

నా గుండె పగిలింది. కాసేపటికి అన్న గమ్మున దిగి వెనక్కి వెళ్లాడు. సాయిలు, మహేశ్ చెరో చెవీ అప్పగించి, గుంజిన గడలన్నీ మళ్లీ లోడులో దోపారు. తిరిగొచ్చిన అన్న నన్ను తన సీట్లో కూర్చోబెట్టి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాడు. ఆ ఆనందం నాకు ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు...

ఇప్పుడు డ్రైవర్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లు... మన పొగడ్త ఎవరికి వినిపిస్తుంది? ఒక్క గడ కోసం మీరు మింగిన కప్పలేంటో చెప్పండి, మనసారా నవ్వుకుందాం.

"అన్నకు ఎనక గూడ కండ్లుండెరా" అని సాయిలు ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాడు. లేవురా సాయిలూ... "అన్నా, ఎనక మావోళ్లు గడలు గుంజుతుండ్రే... ఇగ ఇప్పుడన్న స్టీరింగ్ ఇస్తవా?" అన్నది నేనే.