మిణుగురు ఆరిన మధ్యాహ్నం

ఆమె సిటీ బస్సులో కండక్టరు. డ్యూటీ దిగాక గాలాట మైదానంలో అంపైరు. గాలాటలో ఈల ఊదకూడదు, జెండాలే ఎత్తాలి. అందుకని ఊళ్ళో పిల్లా పెద్దా అందరికీ ఆమె జెండా వదిన.

గాలాట చూడనివాళ్ళ కోసం ఒక ముక్క. జట్టుకు ఏడుగురు పీటల మీద కూర్చుని గాలిలోకి లేస్తారు. వాళ్ళ మధ్య నిమ్మకాయంత వెలుగొకటి తిరుగుతుంటుంది. దాన్ని మిణుగురు అంటారు. పట్టుకుని అవతలివాళ్ళ బుట్టలో వేస్తే పాయింటు. అయితే మిణుగురు మహా పిరికిది. ఎవరైనా గట్టిగా అరిస్తే ఠక్కున ఆరిపోతుంది. అందుకే చూసే జనం నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూర్చుంటారు. ఎవరైనా అరిచి ఆర్పేస్తే, ఆ మనిషి ఏ జట్టు వైపో ఆ జట్టు వంతు పోయి మిణుగురు అవతలివాళ్ళ చేతికి వెళ్తుంది. ఎవరో తెలియకపోతే అంపైరు తెల్లజెండా ఎత్తుతుంది, ఆ వంతు మళ్ళీ ఆడతారు.

ఒక ఏడాది ప్రపంచ పోటీలు వాళ్ళ ఊళ్ళోనే జరిగాయి. మంచుదేశం జట్టు ఉన్ని టోపీలు తీయనంటే తీయనని, చెమటలు కారి పీటల మీంచి జారిపడింది. కొండదేశం జట్టులో ఏడుగురూ ఒక్క ఇంటివాళ్ళే, మేనత్త కెప్టెను. గాలిలో సైగలతోనే పోట్లాడుకుని మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టారు. చివరికి ఊరి జట్టూ, పడవ చెక్కల పీటలతో వచ్చిన దీవుల జట్టూ ఫైనలుకు మిగిలాయి. సొంతూరి అంపైరు ఎలా కుదురుతుందని పెద్దలు తటపటాయిస్తుంటే, ఆమె తీర్పులు అప్పటికే చూసిన దీవుల కెప్టెన్ "ఆవిడైతేనే మాకు నిశ్చింత" అన్నాడు.

ఆమె అత్తగారికి గాలాటంటే ప్రాణం. ఊరి జట్టు ఓడిన పూట ఆవిడకు ముద్ద దిగదు. కోడలే ముందు వరసలో సీటు ఇప్పించింది.

ఫైనల్లో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆఖరి వంతు ఊరి జట్టుది. పొట్టోడు అని అందరూ ముద్దుగా పిలిచే కుర్రాడు మిణుగురును పట్టుకుని బుట్ట మీదికి దూసుకెళ్ళాడు. చెయ్యి ఎత్తాడు.

"వెయ్యరా నాయనా!"

మిణుగురు ఆరిపోయింది. పొట్టోడి చేతిలో ఏమీ లేదు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందరి కళ్ళూ గాలిలోనే ఉండటంతో అంత మైదానంలో ఆ కేక ఎటునుంచి వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. కానీ రోజూ పొద్దున్నే తనను నిద్రలేపే గొంతును ఆమె ఎలా పోల్చుకోదు? చేతికి దగ్గరలోనే తెల్లజెండా ఉంది. ఎత్తితే అడిగేవాడు లేడు.

ఆమె దీవులవాళ్ళ నీలిజెండా ఎత్తింది. వాళ్ళు పాయింటు కొట్టి కప్పు పట్టుకుపోయారు.

ఆ సాయంత్రం ఇంట్లో భర్త అడిగాడు. "ఇంతకీ అరిచిందెవరు?"

"మనవైపు మనిషే."

"పేరు లేదా ఆ మనిషికి?"

"జెండాకు పేరుతో పనిలేదు" అని ఆమె లేచి వెళ్ళిపోయింది. పక్క గదిలో అత్తగారు మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. ఆ తర్వాత కొన్నాళ్ళు అత్తాకోడళ్ళ మధ్య అవసరానికి మించి మాట లేదు.

బస్సులో మాత్రం మాటలకు కొదవ లేకపోయింది. ఒకరోజు కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్దామని అత్తగారు అదే బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. వెనకనుంచి ఒక మెకానిక్ గొంతెత్తాడు.

"దీవుల్లో చుట్టాలున్నారా వదినా? ఏ వరసో చెప్తే మేమూ కలుపుకుంటాం!"

బస్సంతా నవ్వింది. ఆమె "టికెట్ ఎక్కడికి?" అంది, అంతే.

అత్తగారు కమ్మీ పట్టుకుని లేచింది.

"ఏమయ్యా, అరిచింది నేను. ఆవిడకు అత్తగారిని. నా నోరు ఊరుకోక జట్టును ముంచాను. నా కోడలు ఆటలో దొంగాట ఆడలేదు, బయట నా పరువూ తీయలేదు. ఇంకేమన్నా అనాలంటే నన్ను అను."

మెకానిక్ నీళ్ళు నమిలి, "మైదానమంతా వినిపించేలా అరిచింది మీరా పెద్దమ్మా?" అన్నాడు.

"చిన్నప్పట్నుంచీ ఇదే గొంతు నాయనా. మా ఆయన సగం చెవుడు నా చలవే."

ఈసారి నవ్వు వేరేగా ఉంది. "కూర్చోండి అత్తయ్యా, మలుపొస్తోంది" అంటూ కోడలు ఆవిడ భుజం పట్టుకుంది.

డాక్టరుకు చూపించుకుని వచ్చాక, డిపోలో ఒకే డబ్బా నుంచి ఇద్దరూ తింటుండగా అత్తగారు అంది. "నా గొంతని నీకు తెలుస్తుందని ఆ క్షణమే అనుకున్నానే. తెల్లజెండా ఎత్తితే బాగుండుననీ అనుకున్నాను."

"నేనూ అనుకున్నాను అత్తయ్యా."

"మరి?"

"చెయ్యి రాలేదు."

అత్తగారు తన వంతు కూరలో సగం కోడలి వైపు తోసింది.

కబురు ఊరంతా పాకింది. మొహం తిప్పుకున్నవాళ్ళలో చాలామంది మళ్ళీ పలకరించారు. కొందరు పలకరించనే లేదు. ఆమె మోకాళ్ళు సహకరించినంత కాలం అంపైరుగానే ఉంది. అత్తగారు మాత్రం మళ్ళీ మైదానానికి రాలేదు. ఇంట్లో తలుపులు బిగించుకుని రేడియోలో ఆట వింటూ కరువుతీరా అరుచుకునేది. ఆట ముగిసి కోడలు ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే, ఎవరిని ఓడించావని అడిగేది కాదు. "చేతులు కడుక్కో, తిందాం" అనేది.