నేను తిరగేసిన సోఫా

నా జీవితంలో ఒకే ఒక్కసారి సోఫా ఎంచడానికి వెళ్లాను. ఆ ఒక్కసారికే మూడు తరాలకు సరిపడా పరువు పోగొట్టుకుని వచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మీరు నవ్వుకుంటారనే చెబుతున్నాను, నవ్వండి.

పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల పాలన నడుస్తున్న రోజులవి. బజారులో మాకు బట్టల కొట్టు ఉండేది. గుడ్డలు కొనడానికి వచ్చే దొరసానులు కూర్చునే సోఫా విరిగిపోయింది. ఊరు విడిచి వెళ్తున్న ఒక దొర ఇంట్లో సామాన్లు వేలం వేస్తున్నారని తెలిసి, మా నాయన నన్ను పంపాడు. నాకు ఇరవై ఏళ్లు వచ్చాక నన్ను నమ్మి ఆయన అప్పగించిన మొదటి పని అది.

"పదేండ్లు నిలవాల. ముత్తియాల్‌పేట గోవిందు మామని గూడా పిల్చుకోని పో," అన్నాడు.

గోవిందు మామ మాకు వరసకే మామ, వడ్రంగి. చిత్రిక పడుతూనే పాఠం చెప్పాడు.

"పైగుడ్డ చూసి మోసపోవద్దురా. ముందరి మూల ఒకటి ఎత్తి చూడు, పక్క కాలు గూడా లేస్తే చట్టం గట్టిది. చేతులు పట్టుకోని ఊపు. కింద చూడు, మేకులు కొట్టింటే వద్దు, కొయ్య చీలలైతే తీసుకో. ఉండు, నేనూ వస్తా."

"నువ్వెందుకు మామా, నాకంతా వచ్చేసింది," అని ఆయన కొలతాడు తీసుకుని బయల్దేరాను. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమంటాడట. నాకు విద్య వచ్చింది, పట్టపగలే కొలతాడు పట్టాను.

దొరల వీధిలో ఇళ్లన్నీ ఒకే తీరు. ఒక ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల పదిమంది ఉన్నారు. ఇదేననుకుని దూరాను. ఎవరూ మాట్లాడటం లేదు. పోటీ పెరగకూడదని నోరు మెదపడం లేదనుకున్నాను. నల్లకోటు ముసలి దొర ఒకాయన సోఫాలో కూర్చున్నాడు.

"కొంచెం లేస్తారా," అన్నాను నాకొచ్చిన ఫ్రెంచిలో. ఆయన నా చేతిలోని తాడు చూసి వెంటనే లేచి తప్పుకున్నాడు. పనితనం తెలిసినవాడి ముందు దొరలైనా లేచి నిలబడతారని పొంగిపోయాను.

పొడవు, వెడల్పు కొలిచాను. మూల ఎత్తాను. చేతులు ఊపాను. చివరికి సోఫాను తిరగేసి, దాని పొట్టలో తల దూర్చాను.

"కొయ్య చీలలే. వెనక కాలు మాత్రం కదులుతోంది, ధర తగ్గించాలి," అని అదే వచ్చీరాని ఫ్రెంచిలో అందరికీ వినిపించేలా తీర్పు చెప్పాను.

పక్కకు ఎవరో వచ్చారు. ఆ ఇంటి వంటమనిషి, మన తెలుగావిడే.

"ఏమబ్బా, పెట్టె చేసే ఆచారి పంపినాడా నిన్ను?"

"ఏం పెట్టె అక్కా?"

"శవప్పెట్టె. మా దొర పొద్దున పోయినాడు. ఆయన లోపలి గదిలో ఉండాడు. నువ్వు ఈడ సోఫాని కొలుస్తా ఉండావు, ఏంది?"

"మరి వేలం యాడ?"

"అది పక్కిల్లు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కిన అడుసుకి కాలు కాదు, కడుక్కోవడానికి మొహమే మిగల్లేదు.

ఇంతలో ఆ ఇంటి తెల్లజుట్టు దొరసాని దగ్గరికొచ్చి ఏదో అడిగింది.

"ఏ కాలు కదల్తా ఉందని అడగతా ఉంది," అంది వంటావిడ.

చూపించాను. దొరసాని వంగి ఆ కాలు పట్టుకుని అటూ ఇటూ కదిపి, మెల్లగా ఏదో చెప్పింది.

"ఆదివారం బిగిస్తా, ఆదివారం బిగిస్తా అని మా దొర రెండేండ్లుగా అంటా ఉండినాడంట."

దొరసాని నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు. తలెత్తి చూసే ధైర్యం లేకపోయింది.

నన్ను నమ్మక వెనకే వచ్చిన గోవిందు మామ గుమ్మంలో కనిపించాడు. సంగతి విని, నా మీద కేకలు వేయలేదు. భుజం మీది తువ్వాలు తీసి, అందరికీ దండం పెట్టి, కాలి సందులో చిన్న కొయ్యముక్క దిగ్గొట్టి సోఫాను నిలబెట్టాడు. తర్వాత, పెట్టె చేసే ఆచారి ఇంకా రాలేదని తెలిసి నా చేతిలోంచి తాడు తీసుకుని, కొలవాల్సిన మనిషిని కొలవడానికి లోపలికి వెళ్లాడు. ఆ రోజు పెట్టెకు పలకలు పట్టుకున్నది నేనే.

మేం బయటికి వచ్చేసరికి పక్కింటి వేలం అయిపోయింది.

"సోఫా ఎంచినావా?" అన్నాడు నాయన.

"ఎంచినా నాయనా. మంచిదే. వాళ్లు అమ్మరంట."

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. సోఫా ఎంత గట్టిదైనా సరే, ఆ ఇంట్లో అందరూ క్షేమమేనా అని అడగకుండా దాని కాలు ముట్టను.