పాముల బీరువా

గల్ఫులో, మదీనత్ ఖలీఫా అనే పేటలో నేను హౌస్ డ్రైవర్‌గా చేరిన ఇంట్లో తొమ్మిది పాములున్నాయని వీసా ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పలేదు. చేరిన రెండో వారం మేడమే తీసుకుపోయి చూపించింది. ఇంటి వెనక, నా గదిని ఆనుకునే ఉంది ఆ గది. మధ్యలో ఒకే గోడ.

మేడమ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. యాభైకి దగ్గరపడిన మనిషి. తల్లితో కలిసి ఉంటుంది. నాతో హిందీలో, మాటకు మాటకు మధ్య ఆగి, నెమ్మదిగా మాట్లాడేది. ఇవి ఆఫ్రికా నుంచి వచ్చిన చిన్న రకం కొండచిలువలు, విషం లేదు, భయమేస్తే బంతిలాగా చుట్టుకుని తల లోపల దాచుకుంటాయి అని చెప్పింది. నేను తల ఊపినా ఒక్క మాటా చెవికెక్కలేదు. గోధుమరంగు ఒంటి మీద నల్లటి మచ్చలు. మా రాయచోటి పక్క శనక్కాయ చేలల్లో తిరిగే రక్తపింజర ఒళ్లు దూరం నుంచి అట్లాగే కనిపిస్తుంది. మా చిన్నమామకు మోకాటి కింద కాలు లేదంటే అది దాని కాటు వల్లే.

ఆ రోజు నుంచి మంచాన్ని ఆ గోడ దగ్గర నుంచి జరిపి తలుపు పక్కన వేసుకున్నాను.

అప్పట్లో అవి అద్దాల పెట్టెల్లో ఉండేవి. పైన ఒక్కో బల్బు. బయట ఎంత ఎండ కాసినా ఇంట్లో ఏసీ ఆగదు కదా, ఆ చలికి ఒక పాముకు జబ్బు చేసింది. నోరు తెరుచుకుని, ముక్కు దగ్గర బుడగలతో ఊపిరి తీసేది. పైనుంచి బల్బు వేడి చాలదు, కడుపు కింద వెచ్చగా ఉండాలి అన్నాడట జంతువుల డాక్టరు. అంతకు కొద్ది రోజుల ముందే నేను ఇంటి నీళ్ల మోటారు విప్పి బాగు చేసి ఉన్నాను. ఊళ్లో ఉన్నప్పుడు నాది మోటార్ల వైండింగు పని. మేడమ్ ఫోన్లో పాములుంచే బీరువా ఫోటో ఒకటి చూపించి, "భయ్యా, ఇట్లాంటిది నువ్వు చేయగలవు" అంది.

వద్దనలేకపోయాను. కొత్త ఉద్యోగం అన్న భయం ఒకటి. ఇంకొకటి, గల్ఫుకు వచ్చిన మూడేళ్లలో నన్ను పని తెలిసినవాడిగా చూసి పని చెప్పింది ఆమె ఒక్కతే.

చూడ్డానికి అది బట్టల బీరువా లాంటిదే. తెల్ల చెక్కతో అరలు. ప్రతి అరలోకీ సొరుగు మాదిరి జారే ప్లాస్టిక్ పెట్టె. పెట్టెకు మూత ఉండదు, పై అరే మూత. కాబట్టి సందు లెక్క తప్పకూడదు. బిగుసుకుపోతే పెట్టె రాదు, వదులైతే పాము బయటకు వస్తుంది. నా ఐడీ కార్డు దూరితే సరి, వేలి కొన దూరితే తప్పు అని పెట్టుకుని, ఒక్కో అరా నాలుగైదు సార్లు విప్పి బిగించాను. ప్రతి అర వెనక భాగంలో చెక్కను తొలిచి, అరచేతి వెడల్పు ఉండే, కరెంటుతో వేడెక్కే పట్టీ పరిచాను. అన్నిటికీ కలిపి ఒక థర్మోస్టాట్. దాని వైరు చివర శనగ గింజంత సెన్సర్ ఉంటుంది. పట్టీకి అంటిస్తే, వేడి ముప్పై రెండు డిగ్రీలు దాటగానే కరెంటు ఆపేస్తుంది.

ఆఖరి రోజు ఆ సెన్సర్ అంటించడమొక్కటే మిగిలింది. పాములను గుడ్డ సంచుల్లో కట్టి బుట్టలో పెట్టి, నా కాలి పక్కనే ఉంచింది మేడమ్. సంచులు కదులుతున్నాయి. వేడికి ఊడని వెండిరంగు టేపు కారులో ఉండిపోయింది. జేబులో మామూలు నల్ల టేపు ఉంది. వేడికి దాని జిగురు కరుగుతుందని నాకు తెలుసు. వైండింగు చేసినవాడికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? అయినా నల్ల టేపే చుట్టేశాను. రేపు మారుద్దాంలే అనుకున్నాను.

ఆ రేపు రాలేదు. మార్చాలంటే పాములున్న పెట్టెలు లాగాలి. రెండు నెలలు గడిచాయి. డ్యూటీకి పోయే ముందు మా మధ్య గోడ మీద అరచెయ్యి పెట్టి చూసేవాణ్ణి. వేడిగా ఉందా? వాసన వస్తోందా? సగం దూరం పోయాక, చూశానా లేదా అని మళ్లీ అనుమానం. జబ్బు పాము కోలుకుంది, మేడమ్ సంతోషంగా ఉంది. నాకే నిద్ర సరిగా పట్టేది కాదు.

ఒకసారి మేడమ్ తల్లిని తీసుకుని ఉమ్రా యాత్రకు పోయింది. "రోజుకు రెండుసార్లు థర్మోస్టాట్ నంబరు చూడు, నీళ్లు చూడు, చాలు" అని చెప్పింది. ఇంట్లో మిగిలింది నేను, వంట చేసే అక్క. అక్కది కోనసీమ.

శుక్రవారం పొద్దున చూస్తే థర్మోస్టాట్ మీద ఇరవై ఐదు అని ఉంది. పట్టీలకు కరెంటు పోతోందని చెప్పే ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతోంది. ఏసీ ఎక్కువైంది, కాసేపటికి అదే వేడెక్కుతుందిలే అనుకున్నాను. అట్లా అనుకోవడమే నాకు కావాల్సింది. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చి కూడా ఆ రోజే. అక్కను తీసుకుపోయి, బయట కారులో కూర్చున్నాను. ప్రార్థన అయ్యేసరికి మూడు గంటలు పట్టింది. చివర్లో, అక్క బయటికి వచ్చే ముందు తట్టింది. సెన్సర్ ఊడిపోయి ఉంటే అది చూపేది పట్టీ వేడి కాదు, గది చలి. చల్లగా ఉందనుకుని ఇంకా ఇంకా కరెంటు ఇస్తూనే ఉంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు అక్క ఏదో చెబుతోంది. నాకు వినపడలేదు. "ఏంటి తమ్ముడూ, అంత జోరుగా తోలుతున్నావు?" అని సీటు పట్టుకుంది.

గది తలుపు తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన. ప్లగ్గు పీకేశాను. పెట్టెలు ఒక్కొక్కటే సగం ముందుకు లాగాను. ఎనిమిదింట్లో పాములు పెట్టె ముందు వైపుకు ముక్కు ఆనించి ఉన్నాయి. తొమ్మిదోది, అన్నిటికంటే పెద్దది, వెనక, పట్టీ వేడి తగిలే చోటే చుట్ట చుట్టుకుని కదలకుండా ఉంది.

"చచ్చిపోయిందా?" గడపలో నుంచి అడిగింది అక్క.

"తెలీదక్కా. బయటికి తీయల్ల."

"కర్రతో తీయి."

"కర్రతో అయితే దెబ్బ తగుల్తాది."

"మరి చేత్తోనా? ప్రభువా! ఆగు తమ్ముడూ, వంటింట్లో గ్లౌజులున్నాయి."

ఆమె వచ్చేదాకా ఆగలేదు. ఆగితే ఇక చేయి పెట్టలేనని తెలుసు. రెండు చేతులూ కిందుగా దూర్చి ఎత్తాను. తడిగా, జిగురుగా ఉంటుందనుకున్నాను. పొడిగా, బరువుగా ఉంది. ఒక్క క్షణం తర్వాత నెమ్మదిగా నా మణికట్టును చుట్టుకుంది. బతికే ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని అక్కడే కింద కూర్చున్నాను. దాని కడుపు మీద జానెడు మేర ఎర్రగా కమిలి ఉంది.

అక్క గ్లౌజులతో వచ్చి నా ఒళ్లో పామును చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత కింద పడి ఉన్న నల్ల ముక్కను చూపించి, "అదేంటి?" అంది.

"నేను అంటించిన టేపక్కా. తెలిసే అంటించినా."

మిషన్ చెడిపోయిందని మేడమ్ తో చెబుదామా అని దారిలో అనుకోకపోలేదు. అక్కతో ఆ మాట అన్నాక ఇక అబద్ధం నోటికి రాలేదు. మేడమ్‌కు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. చెబుతున్నంతసేపూ, వేరే చోట పనికి మారనిస్తుందా, ఊరికి తిప్పి పంపేస్తుందా అన్న లెక్కలన్నీ నా తలలో తిరిగాయి.

"అన్నీ బతికే ఉన్నాయా?" అంది.

"ఉన్నాయి మేడమ్."

"దాన్ని ఎవరు తీశారు?"

"నేనే."

"చేత్తోనా?"

"చేత్తోనే."

వెంటనే డాక్టరు దగ్గరికి పోయే దారిని ఫోన్లో పంపింది. పామును పెట్టెలో పెట్టి, నా పక్క సీటులో బెల్టు కట్టి తీసుకుపోయాను. ప్రాణానికి భయం లేదు, మందు రాయాలి, కుబుసం విడిచేకొద్దీ తగ్గుతుంది అన్నాడు డాక్టరు.

మేడమ్ వచ్చేదాకా రెండు రోజులు ఏసీని పెంచుతూ తగ్గిస్తూ ఆ గదిలోనే ఉన్నాను. పట్టీలకు ప్లగ్గు మళ్లీ పెట్టలేదు, ఏసీ ఉంటే చలి, ఆపితే పొయ్యి. అన్నం అక్క అక్కడికే తెచ్చి గడప అవతల పెట్టి పోయేది.

విమానాశ్రయం నుంచి మేడమ్ వాళ్లను ఇంటికి తీసుకొచ్చాను. సామాను కూడా దించకముందే మేడమ్ వెనక గదికి పోయి, పామును ఎత్తి, కడుపు తిప్పి చూసింది. ఆమె కళ్లు తడిశాయి.

"పాములంటే నీకు భయమా?"

"భయమే మేడమ్. మొదటి రోజు నుంచి."

"చెప్పి ఉంటే సంచులు నీ కాళ్ల దగ్గర పెట్టేదాన్నా భయ్యా?" అంది. కోపంగానే అంది. పనిలో నుంచి మాత్రం తీయలేదు. మర్నాడే ఇద్దరం కూర్చుని సెన్సర్ మార్చి, వెండిరంగు టేపుతో అంటించాం. అదొకటి తప్పినా కరెంటు ఆపేట్టు రెండో థర్మోస్టాట్ కూడా పెట్టాం. ఆ పాముకు రోజూ ఆమె మందు రాసేది, నేను పట్టుకునేవాణ్ణి. మూడు కుబుసాలు విడిచేసరికి ఎరుపు పోయి, కడుపు మీద పొలుసులు కొంచెం వంకరగా మిగిలాయి.

మొన్న ముఐథర్‌లో ఉండే మేడమ్ స్నేహితురాలు ఇట్లాంటి బీరువానే నాతో చేయించుకుంది. చెక్క బిగించగానే ఆమె పాములను తెచ్చి, "యల్లా, పద భయ్యా, పెట్టేద్దాం" అంది.

"ఈరోజు కాదు మేడమ్," అన్నాను. "ఖాళీ పెట్టెలతో రెండు రోజులు నడవాల. నేను వచ్చి చూసినాక పెడదాం."

ఆమె మొహం చిన్నబుచ్చుకుని సంచులు వెనక్కి తీసుకుపోయింది. ఆ రెండు రోజులూ పొద్దునా సాయంత్రం ముఐథర్ పోయి, ప్రతి అరలో అరచెయ్యి పెట్టి చూసి వచ్చాను.