శుభో పట్టు పంజాబీ, మా అమ్మ గరిటె

ఒక మనిషిని సన్నబరచబోయి, నిండు పెళ్లిలో అతని పరువుకు శాలువా కప్పాల్సిన పరిస్థితి తెచ్చినవాణ్ని నేను. మీరు భోజనానికి కూర్చుని ఉంటే ముందు అది కానివ్వండి.

కోల్‌కతాలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, లావుగా ఉన్న విద్యార్థులకు మంచి తిండి అలవాట్లు నేర్పడానికి మా యూనివర్సిటీలో ఒక బృందం పెట్టారు. నన్ను సలహాదారుగా తీసుకున్నారు. నా అర్హతల్లా సన్నగా ఉండడమే. నా వంతుకు వచ్చినవాడు జూనియర్ శుభో.

"దాదా, మాఘంలో దీదీ పెళ్లి. పట్టు పంజాబీ కుట్టించేశాను, తగ్గాక ఉండబోయే కొలతలకి," అన్నాడు. అక్కడ దాదా అంటే అన్న, పంజాబీ అంటే లాల్చీ లెండి. ఆ నమ్మకానికి నా కళ్లు చెమర్చాయి.

"క్యాంటీన్‌లో నూనె కారే లూచీలు మానెయ్. ఆదివారాలు మా ఇంటికి రా. సొరకాయ, తోటకూర, మజ్జిగ. అంతే," అన్నాను.

గార్డెన్ రీచ్‌లోని మా ఇంటికి రాగానే శుభో "మాసీమా!" అంటూ, అంటే పిన్నిగారూ అంటూ, అమ్మ కాళ్లకు దండం పెట్టాడు. అమ్మ అక్కడికక్కడే కరిగిపోయింది. పెద్దవాళ్లు పెట్టింది మిగల్చడం వాళ్లింట్లో అమర్యాద. అతిథి కంచం ఖాళీగా కనబడడం మా ఇంట్లో అవమానం. ఈ రెండు మర్యాదలూ ఒకే కంచంలో ఎదురుపడితే ఏమవుతుందో నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు.

శుభో కంచం అద్దంలా తుడిచాడు.

"అయ్యో, ఖాళీ అయిపోనాది! ఉండు బాబూ, ఇంకాస్త ఏస్తాను."

"అమ్మా, వాడు తగ్గాలే!"

"తగ్గనీ, ఎవులొద్దన్నారు? తిన్నాక దానంతటదే తగ్గుతాది."

వాడు మళ్లీ ఖాళీ చేశాడు. అమ్మ మళ్లీ నింపింది. నేను టెన్నిస్ ఆట చూసేవాడిలా మెడ అటూ ఇటూ తిప్పుతున్నాను.

"కొంచెం వదిలెయ్‌రా," అని గొణిగాను.

"మాసీమా పెట్టింది వదలడమా? నువ్వు మనిషివేనా దాదా?"

పైగా వట్టి చేతులతో రాకూడదని సందేశ్ మిఠాయి డబ్బా తెచ్చేవాడు. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని అమ్మ దాన్ని సున్నుండలతో నింపేది. బస్సు ఖిదిర్‌పూర్ దాటేసరికి డబ్బా మళ్లీ ఖాళీ. "తింటున్నది కూరగాయలే కదా" అని నేను నిబ్బరంగా ఉన్నాను. బరువు చూడడం కూడా పెళ్లికి వాయిదా వేశాం, ఆశ్చర్యపోదామని.

ఆశ్చర్యపోయాం. పెళ్లినాడు పంజాబీ భుజాల దగ్గర ఆగిపోయింది. చేతులు పైకెత్తిన శుభో, తల లోపలే ఉండగా అడిగాడు:

"దాదా, పట్టు సాగుతుందా?"

"కొద్దిగా."

సాగలేదు. ఆ చప్పుడుకు సన్నాయివాడు కూడా ఒక క్షణం ఆగాడు.

వాళ్ల నాన్నగారి శాలువాను గడ్డం దాకా చుట్టుకుని, జ్వరపడ్డవాడిలా మగపెళ్లివారికి ఎదురెళ్లాడు శుభో. పెళ్లికి పిలిస్తే వచ్చిన మా అమ్మ విందులో వాణ్ని చూసి గుండెలు బాదుకుంది.

"ఏటిరా, పిల్లడు ఇలాగ సిక్కిపోనాడు!"

వడ్డించేవాడి చేతిలోంచి గరిటె లాక్కుంది.

ఆ క్షణాన హుగ్లీ నది ఉన్న దిక్కుకు తిరిగి ప్రమాణం చేశాను: అమ్మ చేతిలో గరిటె నా స్వాధీనమయ్యేదాకా ఎవరికీ తిండి సలహా ఇవ్వను. ఇప్పటికీ ఇవ్వలేదు.