దొర తలకు మా బాపు కట్టిన రుమాలు

దయ్యాల మాటెత్తితే నేను నవ్వేవాణ్ణి. ఇంజన్లు, నట్లు, బోల్టుల మధ్య బతికినవాణ్ణి మరి. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెప్తాను.

అరవైల మొదట్లో కృష్ణ మీద డ్యాం పని సాగుతుండగా నేను అక్కడ మెకానిక్‌ని. యంత్రాలు బిగించడానికి ఇంగ్లండు నుంచి వచ్చిన ఎడ్వర్డ్ దొర నాతో బాగా కలిసిపోయాడు. వాళ్లది బిరుదున్న వంశం. ఎప్పుడో రాజుగారిచ్చిన 'లార్డ్' బిరుదు, దాంతోపాటు కోటలాంటి ఇల్లు, తరతరాలుగా ఇంటికి పెద్దవాడికే వస్తాయట. అప్పుడు ఆ బిరుదు వాళ్ల అన్నగారిది. అన్నకు పిల్లల్లేరు. "ఆ బరువు నా మీద పడలేదు, అదే నా అదృష్టం" అనేవాడు ఎడ్వర్డ్.

ఒక ఆదివారం అతన్ని రామన్నపేట దగ్గరి మా ఊరికి తీసుకెళ్లాను. మా బాపు తలకు చుట్టుకునే రుమాళ్లు నేసేవాడు. దొర మగ్గం పక్కన చాప మీద కూర్చుని చాలాసేపు చూశాడు. ఉన్నట్టుండి బాపు నేత ఆపి లేచాడు. కొత్త రుమాలు తీసి దొర తలకు చుట్టాడు.

చాయ్ తెస్తున్న అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందయ్యా గిది! బతికున్నోళ్ల ఇంట్ల గట్ల కడ్తరా?"

మాలో ఇంటిపెద్ద పోతే, దినం నాడు ఆ పెద్దరికం అందుకునేవాడికి అలా రుమాలు కడతారు. దొరకు చెప్పాను. నవ్వాడు. రుమాలు మాత్రం తీయలేదు.

బుధవారం టెలిగ్రాం వచ్చింది. ఆ ఆదివారమే వాళ్లన్న గుర్రం మీంచి పడి చనిపోయాడు.

ఇంగ్లండు వెళ్లేముందు దొర మళ్లీ మా ఇంటికి వచ్చాడు. బాపుకు ఎలా తెలిసిందో అడగమన్నాడు.

బాపు తల వంచుకున్నాడు. "నాకేం తెల్వది కొడుకా. గా దొర యెన్క ఇంకో దొర నిలవడ్డడు. గీయన లెక్కనే ఉన్నడు, జర పెద్దోడు. 'మా తమ్మునికి కట్టు' అన్నడు. కట్టిన."

"ఏ భాషలో అన్నాడు బాపూ?"

"మన భాషలనే."

దొరకు అలాగే చెప్పాను. అతను వెనక్కి తిరిగి, ఖాళీ గోడను చూస్తూ మెల్లగా ఏదో అన్నాడు. వాళ్లన్నను పిలిచాడనుకుంటాను.

వాళ్లన్న ఈ దేశంలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఆ ఆదివారం నేనూ ఆ గదిలోనే ఉన్నాను, నాకు గోడ తప్ప ఏమీ కనిపించలేదు. బాపు అబద్ధమాడే మనిషి కాడు. అంతకుమించి నాకు ఇప్పటికీ తెలియదు.