పసుపు పూసిన డిష్

మా ఆఫీసు మైలాపూరులో ఉంది. పడవలకూ, టవర్లు అందని ఊళ్ళకూ ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇప్పించే చిన్న కంపెనీ. ఒకరోజు ఆ ఉపగ్రహాలను పైకి మోసుకెళ్ళిన రాకెట్టు కింది భాగం తిరిగొచ్చి, నడిసముద్రంలో ఓడ మీద నిటారుగా దిగింది. తెర ముందు మావాళ్ళంతా ఈలలు వేశారు. అదే రాకెట్టు మళ్ళీ మళ్ళీ ఎగురుతుందనీ, ఏదీ పారేయక్కర్లేదనీ చెబుతూ మా మేనేజరు అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. నేనూ తిన్నాను. తింటూనే ఒళ్ళు మండింది. సముద్రం నుంచి క్షేమంగా తిరిగి రావడం అంత గొప్పయితే, మా నాయన ముప్పై ఏళ్ళుగా చేస్తున్నదేమిటి? ఆయనకెవరైనా ఈల వేశారా?

మాది తిరువొత్తియూరు ఒడ్డున చేపలు పట్టే తెలుగు కుటుంబం. నాయన ఫైబర్ పడవలో వేటకు వెళతాడు. ఒడ్డు కనుమరుగయ్యాక సెల్‌ఫోను పనిచేయదు. పోయినేడు ఇంజను చెడిపోయి రెండు రోజులు కబురు లేదు. ఆ రెండు రోజులూ అమ్మ ఇసుకలోనే కూర్చుంది, అన్నం ముట్టలేదు. అందుకే, పరీక్ష కోసం ఒక పడవ మీద మూడు నెలలు ఉపగ్రహ ఇంటర్నెట్ సెట్టు, అంటే డిష్షూ బ్యాటరీ, ఉంచుతామని ఆఫీసులో అన్నప్పుడు, సిగ్గు విడిచి మా పడవ సంగతి చెప్పాను.

సెట్టు బిగించే రోజు మేనేజరు, ఇంజనీరు, వీడియో తీసేవాళ్ళు వచ్చారు. మా పేటలో కొత్త ఇంజను వచ్చినా, కొత్త వల వచ్చినా పసుపు కుంకుమ పెట్టకుండా నీళ్ళలోకి దించరు. అమ్మ ఎవరినీ అడగలేదు. తెల్లటి డిష్ మొహమంతా పసుపు మెత్తి, మధ్యలో కుంకుమ పెట్టి, మల్లెపూలు చుట్టింది. వీడియోవాళ్ళు మురిసిపోయి అమ్మను పక్కన నిలబెట్టి ఫోటోలు తీసుకున్నారు.

తీరా చూస్తే సిగ్నలు రాలేదు. ఇంజనీరు పసుపు వంక చూసి నవ్వాడు. "వీళ్ళకిస్తే ఇంతే" అని మేనేజరు తమిళంలో అన్నాడు, పక్కన నేనున్నానన్న ఇంగితం కూడా లేకుండా. మొదటి సెట్టు డబ్బా ఆఫీసుకు వచ్చినప్పుడు దానికి కుంకుమ పెట్టి, వ్యాను చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది ఈ మహానుభావుడే! ఆయన పెడితే పూజ, మా అమ్మ పెడితే తెలివితక్కువతనం.

అమ్మ గబగబా కొంగుతో డిష్ తుడిచేసింది. "తప్పయిపొయ్యింది సార్, నాకు తెలవదు. తీసకపోవద్దు సార్" అంది. అమ్మ ఒకరిని అలా బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. పసుపంతా పోయినా సిగ్నలు రాలేదు. చివరికి వెతికితే బ్యాటరీ దగ్గర వైరు వదులుగా ఉంది. దాన్ని తగిలించింది ఇంజనీరే. సరిగ్గా బిగించగానే సెట్టు పనిచేసింది. తప్పు పసుపుది కాదని అమ్మకు ఒక్కరూ చెప్పలేదు. పైగా వాడేవాళ్ళ చేతుల్లో పరికరం పాడయ్యే ప్రమాదం ఉందని కాగితం రాసుకుని, సెట్టు ఊడదీసుకుపోయారు. ఆ ఇంగ్లీషు కాగితాన్ని నాయనకు తెలుగులో చెప్పి సంతకం పెట్టించింది నేను. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. వాళ్ళ మీద ఎంత కోపముందో నా మీదా అంతే ఉంది.

"పోనీలేమ్మా, ఇన్నేండ్లు అది లేకనే పొయ్యొచ్చినాం గదా" అన్నాడు నాయన.

నెల తిరక్కుండానే కంపెనీ ప్రకటన వచ్చింది. పసుపు పూసిన డిష్, పక్కన నవ్వుతున్న అమ్మ, కింద 'ఆఖరి పడవ దాకా మేమున్నాం' అన్న మాటలు. ఆ రోజు నాయన వేటలో ఉన్నాడు. పొద్దున్నే రావాల్సినవాడు మధ్యాహ్నమైనా రాలేదు. పక్కింటివాళ్ళ ఫోనులో ఆ బొమ్మ చూసి, కింది మాటలు చదివించుకుని అమ్మ పరుగున ఇంట్లోకి వచ్చింది.

"సెట్టు మళ్ళా ఇచ్చినారంట గదా! నిన్న పొయ్యేటప్పుడు పెట్టించినారేమో. మీ నాయనకు ఫోను కొట్టు, ఏడున్నాడో అడుగు."

ఇవ్వలేదమ్మా, అది ఆ రోజు తీసిన ఫోటో, అంటూ నా ఫోనులో ఆ ప్రకటన తెరిచి చూపించాను. అమ్మ ఫోను తీసుకుని అందులో తన మొహాన్నే చూసుకుంది.

"సెట్టు ఈడ పెట్టేదానికి మనం పనికిరాము. నా మొగం ఆడ పెట్టుకునేదానికి మాత్రం పనికొచ్చిందా?"