ఉప్పునీళ్లు, స్టార్టరు పెట్టె

మొన్న మా అమ్మాయి బడి నుంచి వస్తూనే రేపటికి ఒక నిమ్మకాయ, రెండు టార్చి సెల్లులు, చిన్న ఎల్ఈడీ బల్బు కావాలంది. ఏ నీళ్లలో కరెంటు పారుతుందో క్లాసులో చూస్తారట. సరేనన్నాను గానీ, అరచేతులకు చెమటలు పట్టాయి. పిల్ల నవ్వింది. దానికేం తెలుసు!

కాలువ కింద వరి పండించుకోవడానికి కోస్తా నుంచి బళ్లారి దగ్గరి రూపనగుడి వైపు వచ్చిన కుటుంబం మాది. నేను ఎనిమిదో తరగతిలోకి వచ్చిన ఏడు, ఎండాకాలంలో, మా బాబాయి తడిచేత్తో పొలంలో మోటారు స్టార్టరు ముట్టుకుని అక్కడే పోయాడు. స్టార్టరు బాగుచేయించాం, ఇంక పరవాలేదన్నారు పెద్దవాళ్లు. నేను మాత్రం ఇంట్లో లైటు వేయాలన్నా ఎండు కట్టెపుల్లతోనే స్విచ్చి నొక్కేదాన్ని. అలాంటిదాన్ని పట్టుకుని, బడి తెరిచాక ఒకరోజు, సైన్సు మిస్ బల్ల దగ్గరికి పిలిచింది. ఆవిడ బళ్లారి చర్చి కుటుంబాల మనిషి. పాఠం కన్నడంలో చెప్పి, మా మొహాలు చూసి, మళ్లీ తెలుగులో చెప్పేది. బల్ల మీద మూడు గ్లాసులు: ఉప్పునీళ్లు, నిమ్మరసం, ట్రాక్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. పక్కనే సెల్లులకు, చిన్న ఎల్ఈడీ బల్బుకు కలిపిన రెండు వైర్లు. వెనక బెంచీ వాళ్ల కళ్లన్నీ నిమ్మరసం మీదే. నాకు మాత్రం ఆ వైర్లు తప్ప ఏమీ కనపడలేదు.

"ఏంది తల్లీ, వెనక్కి పోతాండావు? ఇవి టార్చి సెల్లులు, నిన్నేం చేయవు. గోడలో కరెంటుతో మాత్రం ఎవురూ ఈ పని చేయకూడదు," అంటూ మిస్ నా మణికట్టు పట్టుకుంది. కళ్లు మూసుకుని వైర్లను ఉప్పునీళ్లలో ముంచాను. తెరిచేసరికి బల్బు ఎర్రగా వెలుగుతోంది. డిస్టిల్డ్ వాటర్‌లో వెలగలేదు. "మిస్, మడిలో నీళ్లయితే?" అని అడిగాను. బాబాయి సంగతి ఆవిడకు తెలుసు. చేతిలో గ్లాసు పక్కన పెట్టింది. "మడినీళ్లలో ఎరువు ఉంటాది, మట్టిలో ఉప్పులుంటాయి. చెమట చేతిలోనూ ఉప్పే. పారతాది తల్లీ," అంది మెల్లిగా.

బాబాయి పోయాక మోటారు వేసేది అమ్మే. బడి విడవగానే పొలానికి పరుగెత్తాను. చీర ఎగదోపుకుని, నీళ్లోడుతున్న కాళ్లతో, అమ్మ అప్పుడే స్టార్టరు పెట్టె వైపు చెయ్యి చాపుతోంది. నా నోట వచ్చింది మాట కాదు, కేక.

చెయ్యి గాల్లోనే ఆగింది. "ఏంటే ఆ అరుపు? పాము గానీ కనపడిందా?" అని కసిరింది. నేను ఏడుస్తూ కొంగు పట్టుకుని వెనక్కి లాగాను. నా మొహం చూసి ఏమనుకుందో, పక్క పొలం ఆయన చేత లైన్‌మన్‌ను పిలిపించింది. అతను పెట్టె ఇనుముకు టెస్టరు ఆనించాడు. టెస్టరు వెలిగింది.

"పెట్టెకే కరెంటు వస్తాండాదక్కా. ముట్టుకొనుంటే..." అంటూ ఫ్యూజులు పీకేశాడు. అమ్మ నన్ను గట్టు మీద పక్కన కూర్చోబెట్టుకుంది. చాలాసేపు మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం వదల్లేదు.

ఆ భయం నన్ను ఈనాటికీ వదల్లేదు. అమ్మ మాత్రం ఆ తర్వాత ఎన్నో కోతలు కోయించింది, నా పెళ్లి చేసింది, మనవరాలికి నలుగు పెట్టి నీళ్లు పోసింది. కాలం ఎవరికైనా నడుస్తూనే పోతుంది గానీ, ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో నడిచినదంతా నాకు కొసరు కాలమే అనిపిస్తుంది.